పాతకుండల పరిశోధన: మార్టూరు మైదానం మట్టి, మంట, ప్రయోగశాల

పురావస్తు తవ్వకాల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది కుండపెంకు. నాణెం, శాసనం, శిల్పం అదృష్టం కొద్దీ దొరుకుతాయి. పెంకులు గంపలకొద్దీ దొరుకుతాయి. కాల్చిన మట్టి కుళ్లదు, తుప్పు పట్టదు, కరిగించి మళ్లీ వాడుకోవడానికి పనికిరాదు. పగిలిన కుండను పెరట్లో పారేస్తే రెండు వేల ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటుంది. చాలాకాలం పండితులు పెంకు రంగు, అంచు వంపు, పూత చూసి దాని కాలాన్ని, ఏ సంస్కృతికి చెందిందో నిర్ణయించేవారు. 20వ శతాబ్దపు రెండో సగం నుంచి ఆ చూపుకు రెండు కొత్త పద్ధతులు తోడయ్యాయి. మొదటిది పదార్థ విజ్ఞానం. పెంకులోని ఖనిజాలను, మూలకాలను, రంధ్రాలను, ఇంకిపోయిన కొవ్వును ఇది యంత్రాలతో కొలుస్తుంది. రెండోది ప్రయోగ పురావస్తు శాస్త్రం. నాటి మట్టితో, నాటి పనిముట్లతో, నాటి కట్టెతో కుండను మళ్లీ చేసి, కాల్చి, వండి, పగలగొట్టి చూడటం దీని పని.

ఈ రెండూ విడివిడిగా నడిస్తే ఫలితం సగమే. ఒక పెంకు ఎంత వేడిలో కాలిందో యంత్రం చెప్పగలదు గాని, ఆ వేడి ఆవంలో వచ్చిందా, బయట పేర్చిన పిడకల మంటలో వచ్చిందా అన్నది ఆ అంకె ఒక్కదాన్ని చూసి తేల్చలేం. అదే నేల మట్టితో చేసి, తెలిసిన పద్ధతిలో కాల్చిన నమూనా పక్కన ఉంటేనే అంకెకు అర్థం ఏర్పడుతుంది. అందుకే ఈ వ్యాసం బాపట్ల జిల్లా మార్టూరు చుట్టూ ఉన్న పత్తి, మిరప నేలలను ఆధారంగా తీసుకుని విషయాన్ని వివరిస్తుంది. మార్టూరుకు ఉత్తరాన కృష్ణ ఒడ్డున ధరణికోట, అమరావతి, పడమట గుండ్లకమ్మ ఒడ్డున చందవరం, ఆగ్నేయాన తీరంలో పెదగంజాం, మోటుపల్లి ఉన్నాయి. వాటి మధ్య పరుచుకున్న మైదానమిది.

నేల, మట్టి

మార్టూరు ప్రాంతంలో కొద్ది దూరంలోనే మూడు రకాల మట్టి దొరుకుతుంది. మొదటిది నల్లరేగడి. పత్తి, మిరప పండే ఈ నేలలో స్మెక్టైట్ జాతి బంకమట్టి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పొలాన్ని చీల్చే ఆ గుణమే కుండనూ చీలుస్తుంది. రేగడి ఒక్కదానితో కుండ చేస్తే ఆరేటప్పుడే పగుళ్లు వస్తాయి. రెండోది, రాతి గుట్టల పాదాల దగ్గర ఉండే ఎర్రమట్టి. ఇందులో ఇసుక పాలు ఎక్కువ, సాగే గుణం తక్కువ. మూడోది చెరువుల్లోనూ వాగుల ఒడ్డునా పేరుకునే ఒండ్రు. ఇది మెత్తగా ఉండి చేతికి లొంగుతుంది. కుమ్మరులకు ఎప్పుడూ ఇష్టమైంది చెరువు మట్టే. దానికి అవసరాన్ని బట్టి ఇసుక, ఊక, బూడిద, పేడ కలుపుతారు. ఇసుక కుంచించుకుపోవడాన్ని తగ్గిస్తుంది. ఊక, పేడ కాలిపోయి సన్నని రంధ్రాలు వదులుతాయి. పొయ్యి మీద కుండ ఒక్కసారిగా వేడెక్కినా చీలికలు పాకకుండా ఆ రంధ్రాలు అడ్డుపడతాయి.

ఏ మట్టి ఎంత కుంచించుకుపోతుందో కొలవడం ప్రయోగంలో మొదటి మెట్టు. తడి మట్టితో పలక చేసి, దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, నీడలో ఆరబెట్టి, తర్వాత కాల్చి, ఒక్కో దశలో ఆ గీతను కొలుస్తారు. రేగడి పలక ఆరేటప్పుడే వంకర తిరుగుతుంది. అందులో నాలుగో వంతో మూడో వంతో ఇసుక కలిపినప్పుడు ఏం జరుగుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే, పాత పెంకులో ఇసుక అంత పాళ్లలో ఎందుకుందో అర్థమవుతుంది. పెంకులో కనిపించే ప్రతి ఇసుక రేణువూ కావాలని కలిపింది కాకపోవచ్చు. మట్టిలో సహజంగా ఉన్నదీ కావచ్చు. రేణువుల పరిమాణం చూసి ఈ తేడా పట్టుకుంటారు. సన్నవీ లావువీ కలగలిసి క్రమంగా ఉంటే సహజం. మెత్తని మట్టిలో ఒకే సైజు గరుకు రేణువులు విడిగా తేలితే జల్లించి కలిపినట్టు.

నల్లరేగడితో ఇంకో చిక్కు ఉంది. దానిలో సున్నపు గుళికలు ఉంటాయి. కుండను కాల్చేటప్పుడు సుమారు 650 నుంచి 850 డిగ్రీల మధ్య ఆ సున్నపురాయి విడిపోయి కాల్చిన సున్నం అవుతుంది. కుండ చల్లారి బాగానే కనిపిస్తుంది. కొన్ని రోజులకు గాలిలోని తేమ తగిలి ఆ సున్నం ఉబ్బుతుంది. గోడ మీద చిన్న పెచ్చు ఎగిరిపోయి గుంట పడుతుంది, గుంట నడుమ తెల్లటి చుక్క ఉంటుంది. తవ్వకాల్లో దొరికిన పెంకు మీద అలాంటి గుంట కనిపిస్తే రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి. మట్టిలో సున్నపు గుళికలు ఉన్నాయి, మంట ఆ ప్రమాదకరమైన హద్దును తాకింది. దీన్ని తప్పించుకోవడానికి కుమ్మరికి నాలుగు దారులున్నాయి. గుళికలను జల్లించి తీసేయవచ్చు, వాటిని పొడిగా నూరవచ్చు, ఆ హద్దు దాటకుండా కాల్చవచ్చు, మట్టిలో ఉప్పు కలపవచ్చు. ఉప్పు కలిపితే పెచ్చులు ఎగరడం తగ్గుతుందని ప్రయోగాల్లో రుజువైంది. తీరం వెంట ఉప్పు పండించే ఈ జిల్లాలో, ఉప్పునీటితో మట్టి తడిపే అలవాటు పాతకాలంలో ఉండేదా అన్నది పెంకుల్లో వెతకదగ్గ ప్రశ్న.

రాయి చెప్పే ఊరు

పెంకును సన్నగా కోసి, గాజు పలకకు అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తే అందులోని ఖనిజాల గుండా వెలుతురు దూరుతుంది. మార్టూరు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో బండను కోసి పాలిష్ పట్టే పనే ఇది, కాకపోతే కాగితం కంటే పలచగా వచ్చేదాకా సాగుతుంది. ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద ఒక్కో ఖనిజం ఒక్కో రంగులో కనిపిస్తుంది. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఎక్కడైనా ఉంటాయి కనుక వాటి వల్ల పెద్దగా తెలిసేదేమీ లేదు. ఊరు చెప్పేవి అరుదైన ఖనిజాలు.

ఈ విషయంలో గుంటూరు, ప్రకాశం ప్రాంతం పరిశోధకుడికి బాగా కలిసొస్తుంది. కృష్ణానది దక్కన్ ట్రాప్స్ బసాల్ట్ రాళ్ల మీదుగా వస్తుంది. దాని ఒండ్రులో ఇనుము, టైటానియం ఎక్కువగా ఉంటాయి, అగైట్ రేణువులు కలిసే అవకాశముంది. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి కంభం, అద్దంకి మీదుగా ఒంగోలు వైపు సముద్రంలో కలుస్తుంది. నల్లమలలోని క్వార్ట్జైట్, పలకరాతి తునకలను అది మోసుకొస్తుంది. తూర్పు కనుమల చార్నోకైట్, ఖొండలైట్ రాళ్లు అరిగిన చోట హైపర్‌స్థీన్, గార్నెట్ కనిపిస్తాయి. చీమకుర్తి గెలాక్సీ రాతిలో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. బల్లికురవ గుట్టల్లో గ్రానైట్ జాతి రాయి. ధరణికోటలో దొరికిన పెంకులో అగైట్‌కు బదులు పలకరాతి తునకలు తేలాయంటే ఆ కుండ కృష్ణ ఒడ్డు మట్టిది కాదని అనుమానించడానికి గట్టి కారణమే ఉన్నట్టు. ఇసుక రేణువులు లేని మేలిరకం పాత్రలకు మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ మూలకాల రసాయన విశ్లేషణ కావాలి.

రౌలెటెడ్ పాత్రల కథ

మేలిరకం పాత్రల గురించి చెప్పాలంటే రౌలెటెడ్ పాత్రల దగ్గరికే రావాలి. దక్షిణాసియా కుండల పరిశోధనలో పదార్థ విజ్ఞానం పాత నమ్మకాన్ని తిరగరాసిన ఉదాహరణ ఇదే.

1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వినప్పుడు, రోమన్ పాత్రలతో పాటు నున్నటి, పలచటి, బూడిద, నలుపు రంగుల్లో మెరిసే పళ్లేలు బయటపడ్డాయి. లోపలి అడుగున వృత్తాలుగా సన్నని గాట్ల వరుసలు. ఆ అలంకరణ మధ్యధరా ప్రాంతపు పనితనమని అప్పట్లో అనుకున్నారు. తర్వాత అవే పాత్రలు తూర్పు తీరమంతటా కనిపించాయి. 1962-65 మధ్య ఎం. వెంకటరామయ్య, కె. రాఘవాచారి ధరణికోటలో తవ్వి రేవు కట్టడాన్ని, పడవల కాలువను వెలికితీశారు. అక్కడా ఈ పాత్రలున్నాయి. శాలిహుండంలో దొరికాయి. శ్రీలంకలో అనురాధపురంలో దొరికాయి. ఇండోనేషియాలో బాలి ద్వీపపు సెంబిరన్‌లో దొరికినట్టు 1991లో ఆర్దికా, బెల్‌వుడ్ ప్రకటించారు.

రోము నుంచి వచ్చాయన్న మాట నిలవలేదు. సెంబిరన్, అరికమేడు, అనురాధపురం పెంకులను ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తోనూ మూలక విశ్లేషణతోనూ పోల్చితే అవన్నీ ఒకే మట్టివిగా కనిపించాయి. 1990లలో పుణెకు చెందిన విశ్వాస్ గోగ్టే ఖనిజ విశ్లేషణ ఆధారంగా ఆ మట్టి బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్, తామ్లుక్ ప్రాంతానిదని వాదించారు. 2005లో ఫోర్డ్, పొలార్డ్, కానింగ్‌హామ్, స్టెర్న్ అనురాధపురం, అరికమేడు, కొత్తపట్నం పెంకుల రసాయన కూర్పును కొలిచి, ఈ పాత్రలూ వీటికి దగ్గరి మేలిరకాలూ ఒకే భూగర్భ మూలానికి చెందినవని తేల్చారు. కృష్ణ ఒడ్డు రేవులో అన్నం తిన్న పళ్లెం స్థానిక కుమ్మరి చేసింది కాకపోవచ్చు, తీరం వెంట పడవలో వచ్చి ఉండవచ్చు. రోము దాకా వెళ్లనక్కరలేదు, వ్యాపారం మన తీరంలోనే అంత పెద్దగా సాగింది.

అయితే ఆ గాట్లు ఎలా వేశారన్నది యంత్రం చెప్పలేని ప్రశ్న. పళ్లున్న చిన్న చక్రాన్ని దొర్లించి వేశారన్నది ఒక అభిప్రాయం. సారె మీద తిరుగుతున్న అర్ధం ఆరిన పళ్లేనికి స్ప్రింగులా వంగే పలచటి రేకును ఆనిస్తే అది తనంతట తాను ఎగిరెగిరి గాట్లు పెడుతుందన్నది రెండోది. రెండింటినీ చేసి చూస్తేనే తేడా తెలుస్తుంది. పళ్ల చక్రం వేసిన గాట్లు ఒక చుట్టు తర్వాత అదే క్రమంలో పునరావృతమవుతాయి, ఏదైనా పన్ను విరిగి ఉంటే ఆ లోపమూ ప్రతిసారీ తిరిగొస్తుంది. రేకు పెట్టిన గాట్ల మధ్య దూరం సారె వేగంతో మారుతుంది, గాటు ఒక వైపు లోతుగా, మరో వైపు తేలిగ్గా ఉంటుంది. పెంకును భూతద్దం కింద పెట్టి లెక్కబెట్టే ఓపిక ఉండాలి. ఖరీదైన యంత్రం అవసరం లేని ఇలాంటి పరిశీలన మన విశ్వవిద్యాలయాల విద్యార్థులకు అందుబాటులో ఉన్న పని. మరింతమంది చేయాల్సిన పని కూడా.

చేతి గుర్తులు

కుండ ఎలా తయారైందో దాని గోడ చెబుతుంది. తెలుగు కుమ్మరి పెద్ద కుండను సారె మీద పూర్తి చేయడు. మూతి, మెడ తీర్చి, కింది భాగాన్ని మందంగా ఉంచి తీసేస్తాడు. కొంచెం ఆరాక లోపల రాతి గుండు ఆనించి, బయట చెక్క పలకతో తట్టుతూ పొట్టను పలచగా, గుండ్రంగా పెంచుతాడు. అందుకే కుండ మెడ లోపల వేళ్ల చారలు వరుసగా ఉంటాయి, పొట్ట లోపల మాత్రం గుండు ఆనిన పల్లాలు ఉంటాయి. ఈ రెండు గుర్తులూ చరిత్ర ఆరంభకాలపు పెంకుల మీద కూడా కనిపిస్తాయి.

కంటికి కనిపించని గుర్తులను ఎక్స్-రే చూపుతుంది. ఓవెన్ రై 1970లలో చూపినట్టు, మట్టిలోని గాలి రంధ్రాలు, రేణువులు పనివాడి చేతి ఒత్తిడిని బట్టి వాలుతాయి. సారె మీద లాగిన గోడలో ఏటవాలుగా, తట్టిన గోడలో పలచబడి గోడకు సమాంతరంగా, మట్టి తాడు చుట్టి చేసిన గోడలో అతుకుల వెంట అడ్డంగా ఉంటాయి. వాలెంటిన్ రూ, మేరీ ఆగ్నెస్ కూర్టీ 1998లో ఇంకో ముఖ్యమైన సంగతి చూపారు. సారె మీద చేసినట్టు పైకి కనిపించే చాలా ప్రాచీన పాత్రలు మొదట మట్టి తాళ్లతో కట్టి, తర్వాత సారె మీద నునుపు చేసినవి. నమూనాలు చేసి పోల్చి ఉండకపోతే ఈ తేడా బయటపడేది కాదు. సారె పనితనం ఏళ్ల తరబడి నేర్చుకుంటేగాని రాదని అంతకు ముందే రూ, డానియెలా కార్బెట్టా ఢిల్లీ కుమ్మరుల దగ్గర గమనించారు. కాబట్టి ఒక ఊళ్లో సారె మీద లాగిన పెద్ద పాత్రలు దొరికాయంటే అక్కడ పూర్తికాలం ఆ పనే చేసుకుని బతికే వృత్తికారులు ఉండి ఉంటారని ఊహించడానికి ఆధారం దొరికినట్టే.

మంట

పెంకును అడ్డంగా విరిచి చూస్తే తరచుగా మూడు పొరలు కనిపిస్తాయి. బయట ఎరుపు, లోపల ఎరుపు, నడుమ నలుపో బూడిదో. మట్టిలో ఉన్న ఆకు, పేడ లాంటి సేంద్రియ పదార్థం కాలడానికి ప్రాణవాయువు కావాలి. గోడ పైపొరల్లో అది కాలిపోయి ఇనుము ఎర్రటి ఆక్సైడ్‌గా మారుతుంది. నడిమి భాగానికి గాలి చేరేలోపే మంట ఆరిపోతే కర్బనం అక్కడే మిగిలిపోతుంది. ఎరుపూ నలుపూ కలిసే హద్దు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటే, కుండను వేడిగా ఉండగానే మంటలోంచి బయటికి తీసి చల్లార్చారని అర్థం. హద్దు మసకగా ఉంటే ఆవంలోనే నెమ్మదిగా చల్లారింది. వేలెడంత పెంకులో ఒక సాయంత్రపు పని మొత్తం ఉంటుంది.

ఎంత వేడి అన్నది ఖనిజాలు చెబుతాయి. కయొలినైట్ సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య తన నీటిని వదిలి రూపం కోల్పోతుంది. క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర నిర్మాణం మార్చుకుంటుంది. కానీ చల్లారితే వెనక్కి వస్తుంది కాబట్టి ఆ మార్పు ఆనవాలుగా మిగలదు. ఇల్లైట్ 850, 900 డిగ్రీల వరకూ కొంత నిలుస్తుంది. ముల్లైట్ కనిపిస్తే వేడి 1000 డిగ్రీల దరిదాపులకు వెళ్లింది. ఎక్స్-రే డిఫ్రాక్షన్, ఎఫ్‌టిఐఆర్ పరికరాలు ఏ ఖనిజం ఉంది, ఏది పోయింది అని చూసి ఒక పరిధిని ఇస్తాయి. పెంకును మళ్లీ కొలిమిలో 50 డిగ్రీల చొప్పున పెంచుతూ వేడి చేసి, ఎప్పుడు మార్పు మొదలైతే అంతకు ముందు అది చూసిన వేడి అంతేనని అంచనా వేయడం ఇంకో దారి.

ఇక్కడే ప్రయోగం హెచ్చరిక చేస్తుంది. ఆఫ్రికా కుమ్మరుల మంటల వేడిని థర్మోకపుల్‌తో కొలిచిన ఒలివియే గోసెలాన్ 1992లో ఒక సంగతి నిరూపించారు. ఒకే మంటలో పక్కపక్క కుండల మధ్య, ఒకే కుండ రెండు వైపుల మధ్య కూడా వందల డిగ్రీల తేడా ఉంటుంది. వేడి పెరిగే వేగం, అది నిలిచే సేపు కూడా ముఖ్యమే. పది నిమిషాలు 800 డిగ్రీలు తాకిన కుండకూ రెండు గంటలు 700 దగ్గర నిలిచిన కుండకూ ఖనిజ ఆనవాళ్లు దగ్గరగా ఉండవచ్చు. కాబట్టి ఒక పెంకు నుంచి వచ్చిన అంకె చూసి ‘ఇక్కడ మేలైన ఆవం ఉండేది’ అని తీర్పు చెప్పడం తొందరపాటు. మన పత్రికల్లో తవ్వకాల వార్తలు రాసేవారు కూడా ఈ విషయంలో జాగ్రత్త పడాలి.

మార్టూరు దగ్గర ఈ ప్రయోగం చేయదలిచినవాళ్లు కట్టె విషయంలో ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఇప్పుడు చేతికందే వంటచెరకు మిరపకట్టె, పత్తికట్టె, సర్కారు తుమ్మ. మిరప అమెరికా ఖండాల మొక్క, 16వ శతాబ్దంలో పోర్చుగీసుల రాకతో గాని మన దేశానికి రాలేదు. సర్కారు తుమ్మ కూడా అమెరికా చెట్టే, 19వ శతాబ్దంలో తెచ్చి నాటారు. దాని బొగ్గు సెగ ఎక్కువ. శాతవాహనుల నాటి కుండను అనుకరించే మంటలో ఇవి పెట్టకూడదు. నల్లతుమ్మ, పిడకలు, వరిగడ్డి, ఊక, తాటి మట్టలు అనువైనవి. పత్తి మన దేశంలో పాతదే గాని నేటి హైబ్రిడ్ పత్తికట్టె మందం, ఎత్తు వేరు. ఏ కట్టె ఎంత వాడారో తూచి రాసుకోని ప్రయోగం మళ్లీ చేసి చూడటానికి పనికిరాదు.

నలుపూ ఎరుపూ

రాక్షసగుళ్లు అని జనం పిలిచే ఇనుపయుగపు సమాధుల్లో తరచుగా దొరికేవి నలుపు-ఎరుపు పాత్రలు. లోపలి వైపు, మూతి అంచు నల్లగా, బయటి కింది భాగం ఎర్రగా ఉంటాయి. రెండు రంగుల పూత కాదిది, మంటతో వచ్చిన రంగు. పాత్రను బోర్లించి, లోపల ఊకో ఆకులో కూరి కాలిస్తే, లోపలికి గాలి అందక నలుపు, బయట గాలి తగిలి ఎరుపు వస్తాయన్నది చాలాకాలంగా ప్రచారంలో ఉన్న వివరణ. ముందు మొత్తం ఎర్రగా కాల్చి, తర్వాత రెండోసారి బోర్లించి పొగబెట్టారన్నది మరో వివరణ. ఇంకొందరు వేడి పాత్రను మంటలోంచి తీసి ఊకలో దించేవారని ప్రతిపాదించారు.

మూడు పద్ధతుల్లోనూ నలుపు-ఎరుపు పాత్ర వస్తుంది. అసలు కష్టం అదే. అందువల్ల తేడాలు హద్దు గీత దగ్గర వెతకాలి. ఊకలో దించిన పాత్రకు నలుపు పైపొరలోనే ఉంటుంది, రెండు రంగుల మధ్య గీత ఊక మట్టాన్ని అనుసరించి సమంగా ఉంటుంది. కూరి బోర్లించిన పాత్రలో నలుపు గోడలోకి లోతుగా దిగుతుంది, హద్దు మెలికలు తిరుగుతుంది. నలుపు కర్బనం వల్లనా, ఇనుము రూపం మారడం వల్లనా అన్నది తేల్చడానికి చిన్న తునకను గాలి తగిలేలా మళ్లీ వేడి చేస్తారు. కర్బనమైతే అది కాలి ఎరుపు బయటపడుతుంది. 2020లో తమిళనాడు కీళడి పెంకుల నల్లటి లోపలి పొరలో కర్బన నానోగొట్టాలు గుర్తించినట్టు ఒక పరిశోధక బృందం ప్రకటించింది. ఆ పొర ఇన్ని శతాబ్దాలు ఊడకుండా ఎలా నిలిచిందన్న ప్రశ్నకు అది ఒక కొత్త దారి చూపింది. నాటి పనివాడికి ఆ గొట్టాల సంగతి తెలియకపోయినా పొగ, వేడి, గాలి ఏ పాళ్లలో ఉంటే ఆ మెరుపు వస్తుందో బాగా తెలుసు.

ఒకప్పుడు ఆంధ్ర పాత్రలు అని పిలిచిన రకం ఇంకోటి ఉంది. 1947లో వీలర్ బ్రహ్మగిరి, చంద్రవల్లి తవ్వకాల్లో వీటిని కాలనిర్ణయానికి ఆనవాలుగా వాడుకున్నారు. తెల్లటి సున్నం లాంటి పదార్థంతో గీతలు గీసి, పైన జేగురు పూత పూసి కాల్చిన పాత్రలవి. గీత కింద ఉందా పైన ఉందా అన్నది సూక్ష్మదర్శిని కింద పొరలను చూస్తే తేలుతుంది. కడప జిల్లా శంఖవరంలో దొరికి చెన్నై మ్యూజియంలో ఉన్న జంతువు తల శవపేటిక లాంటి పెద్ద మట్టి వస్తువులు ఇంకో రకం సవాలు. అంత పెద్ద గోడలు ఆరేటప్పుడు పగలకుండా ఎలా నిలిపారో నమూనా చేసి చూస్తేనే తెలుస్తుంది.

వండిన కూడు

1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరులో బూడిద దిబ్బను తవ్వి, అది కొత్తరాతియుగపు పశువుల దొడ్డి అని నిరూపించారు. దక్కన్ కొత్తరాతియుగపు గింజలను పరిశీలించిన డోరియన్ ఫుల్లర్, పశువులు పెంచిన ఆనాటి జనం అండుకొర్రలు, ఉలవలు, పెసలు ఎక్కువగా తిన్నారని చూపారు. 2005లో ఆయనే కుండల ఆకారాల్లో వచ్చిన మార్పులను ఆ గింజల జాబితాతో కలిపి చదివి, వంటలో మార్పు గురించి వాదించారు. ఏ పంట వచ్చిందో గింజ చెబుతుంది, దాన్ని ఉడికించారా, వేయించారా, గటకగా తాగారా అన్నది పాత్ర చెబుతుంది.

కుండ గోడలో ఇంకిన కొవ్వు ఈ ప్రశ్నకు నేరుగా జవాబిస్తుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ ఆ కొవ్వు ఆమ్లాలను విడదీస్తాయి. కర్బన ఐసోటోపుల నిష్పత్తిని బట్టి పాల కొవ్వా, మాంసపు కొవ్వా అని వేరుచేస్తారు. అక్షయేతా సూర్యనారాయణ్ బృందం 2021లో వాయవ్య భారతంలోని సింధు నాగరికత పెంకుల్లో జంతు కొవ్వు ఆధిక్యాన్ని గుర్తించింది. మన నేలలో ఈ పని కష్టం. వేడి, తేమ, సూక్ష్మజీవులు కొవ్వును తినేస్తాయి. పైగా జొన్న, కొర్ర జాతి పంటల చొప్ప మేసిన పశువుల పాలలో కర్బన నిష్పత్తి గోధుమ దేశాల పశువుల కంటే భిన్నంగా ఉంటుంది. ఐరోపాలో కట్టిన కొలబద్ద ఇక్కడ యథాతథంగా సరిపోదు. స్థానిక పశువుల పాలు, నెయ్యి, కొవ్వు నమూనాలతో కొత్త కొలబద్ద కట్టుకోవాలి.

ఒక కుండలో ఎన్నో వంటలు జరుగుతాయి. పెంకులో మిగిలింది ఏ వంటది? 2020లో మెలనీ మిల్లర్ బృందం ప్రచురించిన ప్రయోగంలో ఏడుగురు ఏడాది పాటు మట్టిపాత్రల్లో వండారు. అడుగంటిన మాడు చివరి వంటను చూపింది. గోడ లోపల ఇంకిన కొవ్వు ఎన్నో వంటల దీర్ఘకాలపు కూడికను చూపింది. మార్టూరులో ఇలాంటి ప్రయోగం చేస్తే ఉలవలు, పెసలు, అండుకొర్రలు, నెయ్యి, చేప వాడవచ్చు. మిరపకాయ, టమాటా వేయకూడదు. గుంటూరు సీమలో కారం లేని వంట ఏడాది పాటు చేయడం కష్టమే గాని అది తప్పదు. కొత్తకుండను వాడేముందు నీళ్లలో నానబెట్టి గంజి కాచే పద్ధతిని కూడా ప్రయోగంలో చేర్చాలి. ఆ గంజి రంధ్రాలను పూడ్చి, తర్వాతి కొవ్వు ఎంత ఇంకుతుందో మారుస్తుంది. లోపలి పూత వల్ల కుండ వేడెక్కే తీరే మారుతుందని మైఖేల్ షిఫర్ అరిజోనాలో చేసిన ప్రయోగాలు ముందే చూపాయి.

కాలం

కుండ కాలాన్ని నేరుగా చెప్పే పద్ధతి థర్మోల్యూమినెసెన్స్. మట్టిలోని స్ఫటికాలు చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత వల్ల శక్తిని పోగుచేస్తాయి. మంటలో ఆ శక్తి ఖాళీ అవుతుంది. తర్వాత పోగైనదాన్ని ప్రయోగశాలలో వేడి చేసి వెలుగుగా కొలిస్తే కాల్చి ఎంతకాలమైందో తెలుస్తుంది. 2020 నుంచి పెంకులో ఇంకిన కొవ్వు ఆమ్లాలను వేరు చేసి నేరుగా రేడియోకార్బన్‌తో కాలం కట్టే పద్ధతీ అందుబాటులోకి వచ్చింది.

కుమ్మరులు, నమూనా మట్టి

ఈ పరిశోధనకు యంత్రంతో సమానమైన ఆధారం బతికున్న కుమ్మరి విద్య. 1966లో బైద్యనాథ్ సరస్వతి, నబ్ కిశోర్ బెహురా దేశమంతటి కుమ్మరి పద్ధతులను భారత మానవశాస్త్ర సర్వే తరఫున నమోదు చేశారు. ఫ్రెంచి పరిశోధకురాలు లోర్ దెగ్వా ఆంధ్రప్రదేశ్ కుమ్మరుల పద్ధతులను సామాజిక గుర్తింపుతో కలిపి అధ్యయనం చేసి 2008లో ప్రచురించారు. పద్ధతిని మట్టి, వాతావరణం మాత్రమే నిర్ణయించవు, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నదీ నిర్ణయిస్తుంది. తవ్వకాల్లో ఒకే ఊళ్లో రెండు రకాల తయారీ కనిపిస్తే రెండు కాలాలే కానక్కరలేదు, పక్కపక్కన బతికిన రెండు సముదాయాలూ కావచ్చు.

శాలివాహనులని పిలిచే కుమ్మరుల ఇళ్లలో మట్టి ఎక్కడ తవ్వాలో, ఎన్నాళ్లు మగ్గబెట్టాలో, ఎప్పుడు ఆవం ముట్టించాలో తెలిసినవారు ఇప్పుడు పెద్దవయసువారు. ప్లాస్టిక్, స్టీలు పాత్రలతో పని తగ్గింది, పిల్లలు గ్రానైట్ ఫ్యాక్టరీలకో పట్నాలకో వెళ్తున్నారు. వారి చేతిపనిని వీడియోలో పట్టుకోవడం ఒక భాగమే. వారు చేసి కాల్చిన కుండను పగలగొట్టి, ఏ మట్టి, ఏ కట్టె, ఎంతసేపు అన్నది రాసిపెట్టి, ఆ పెంకులను దాచుకుంటే పాత పెంకులతో పోల్చడానికి కొలబద్ద అవుతుంది. ఇది వారికి జీతమిచ్చి, వారి పేర్లతోనే జరగాల్సిన పరిశోధన.

మట్టి నమూనాల సేకరణకూ గడువుంది. నాగార్జునసాగర్ కుడికాలువ, దాని అద్దంకి బ్రాంచి ద్వారా కృష్ణ నీరు ఈ పొలాలకు చేరినప్పటి నుంచి, ఆ నీటితో వచ్చిన సన్నటి ఒండ్రు స్థానిక చెరువు మట్టిలో కలుస్తోంది. రాతి ఫ్యాక్టరీల పొడి కలిసిన చోట చెరువు అడుగు మట్టిలో ఫెల్డ్‌స్పార్ పాలు కృత్రిమంగా పెరుగుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి కుమ్మరి తవ్విన మట్టికి ఆ పైపొర ప్రతినిధి కాదు. అందువల్ల చెరువులో పైమట్టిని వదిలి, కాలువ రాకకు ముందు పేరుకున్న పొర దాకా గుంట తవ్వి, లోతును బట్టి విడివిడిగా సంచుల్లో కట్టి, ఊరి పేరు, సర్వే నంబరు, లోతు రాసి భద్రపరచాలి. ఎర్రమట్టి, రేగడి, గుండ్లకమ్మ ఒండ్రు, తీరపు ఇసుకల నుంచి కూడా అలాగే తీయాలి. ఒక్కో సంచిలోంచి కొంత మట్టితో పలకలు చేసి 600, 700, 800, 900 డిగ్రీల దగ్గర కాల్చి, వాటి ఖనిజ, మూలక వివరాలను పట్టికగా ఉంచితే, ధరణికోట నుంచి మోటుపల్లి దాకా ఎక్కడ దొరికిన పెంకునైనా ఆ పట్టిక పక్కన పెట్టి చూడవచ్చు.